దీవికి కాపలాదారు కావలెను

“కావలెను” అనే ప్రకటనలు చదివే అలవాటు మన ఇళ్ళల్లో చాలామందికి ఉంది. ఉద్యోగం అక్కరలేనివారు కూడా చదువుతారు. పింఛను పుచ్చుకుంటున్న తాతగారు పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని చదివి, “ఒరేయ్, ఏదో బ్యాంకులో గుమాస్తాలు కావాలిట, లే!” అని మనుమణ్ణి నిద్ర లేపుతారు. ఆ చిన్న అక్షరాల వెనుక ఎవరి ఆశ వారికి కనిపిస్తూ ఉంటుంది.

2009 జనవరిలో ఎన్నో దేశాల పత్రికల్లో, సరిగ్గా ఆ చిన్న అక్షరాల మధ్యనే, ఒక ప్రకటన పడింది. దాని సారాంశం ఇది: ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు తీరాన ఉన్న హామిల్టన్ దీవికి ఒక కాపలాదారు కావలెను. ఉద్యోగం ఆరు నెలలు. జీతం మొత్తం మీద లక్షా యాభై వేల ఆస్ట్రేలియా డాలర్లు. అంటే ఆనాటి మారకంలో సుమారు 50 లక్షల రూపాయలు! సముద్రం కనబడేలా మూడు పడకగదుల మేడ, పెరట్లో ఈతకొలను. చెయ్యవలసిన పనులు: చేపలకు మేత వెయ్యడం, ఈతకొలను శుభ్రంగా ఉంచడం, టపా తీసుకురావడం, చుట్టుపక్కల దీవులు తిరిగి చూసిన సంగతులు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో రాయడం. ఏ దేశం వారైనా దరఖాస్తు పెట్టుకోవచ్చును. అయితే ఆ దరఖాస్తు కాగితం మీద కాదు. “నన్నే ఎందుకు తీసుకోవాలి?” అన్నదానికి జవాబుగా ఒక్క నిమిషం వీడియో తీసి పంపాలి.

ఆ ఉద్యోగానికి వారు పెట్టిన పేరు “ప్రపంచంలోకెల్లా మంచి ఉద్యోగం”.

ఇది చదివి “ఎవడో టోకరా వెయ్యబోతున్నాడు” అనుకున్నవారు లేకపోలేదు. కాని ఇందులో టోకరా లేదు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పర్యాటక శాఖ వారికి ఒక చిక్కు వచ్చిపడింది. అక్కడి గొప్ప పగడాల దిబ్బ, గ్రేట్ బారియర్ రీఫ్, లోకమంతా ఎరిగినదే. ఒడ్డున బస చేసి, పడవలో వెళ్ళి, చూసి, సాయంత్రానికి తిరిగివచ్చే యాత్రికులకు కొదవ లేదు. ఆ దిబ్బ పొడుగునా మనుషులు ఉండదగిన దీవులు ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఆ సంగతి చాటి చెప్పే పని బ్రిస్బేన్ నగరంలోని కమిన్స్‌నైట్రో అనే ప్రకటనల సంస్థకు అప్పజెప్పేరు. న్యూయార్కు, లండను నగరాల మహాసంస్థల పక్కన పెడితే అది చిన్నదే. చేతికిచ్చిన సొమ్ము సుమారు 17 లక్షల డాలర్లు. ప్రపంచమంతటా టెలివిజన్ ప్రకటనలు గుప్పించడానికి ఆ సొమ్ము ఏ మూలకూ రాదు.

అందుకని వాళ్ళు తలకిందులుగా ఆలోచించేరు. “మా దీవి చూడండి” అని బొమ్మ వేస్తే పుట తిప్పేస్తారు. “మా దీవిలో ఉద్యోగం ఉంది” అంటే ఎవరు తిప్పుతారు?

అప్పటి కాలం కూడా అలాంటిదే. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది మొదలు దేశదేశాల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. మన హైదరాబాదు మాటే చూడండి. సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కల్లో మోసం జరిగిందని ఒప్పుకున్నది 2009 జనవరి 7వ తేదీన. దీవి ప్రకటన వెలువడింది 12వ తేదీన. ఆ వారంలో మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళల్లో కుర్రాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని అన్నం సయించలేదో ఆ తల్లిదండ్రులనే అడగాలి. అలాంటి రోజుల్లో చేపలకు మేత వేస్తే చాలు, 50 లక్షలు ఇస్తామని ఎవరో అంటే, మనస్సు అటు పోకుండా ఉంటుందా!

జనం విరగబడ్డారు. మొదటి రోజుల్లోనే తాకిడికి తట్టుకోలేక ఆ వెబ్‌సైటు మూలపడింది. ఫిబ్రవరి 22న గడువు ముగిసేసరికి దాదాపు 200 దేశాలనుంచి 34 వేలకు పైగా వీడియోలు వచ్చి పడ్డాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. దరఖాస్తు పెట్టే ప్రతివాడూ ముందు ఆ దీవుల గురించి చదువుకోవాలి. తరువాత కెమెరా ముందు నిలబడి వాటిని పొగడాలి. ఆపైన “నా వీడియో చూడండి” అని ఫేస్‌బుక్‌లోనూ, యూట్యూబ్‌లోనూ, ఇప్పుడు ఎక్స్ అని పేరు మార్చుకున్న ట్విట్టర్‌లోనూ చుట్టపక్కాలందరినీ బతిమాలుకోవాలి. అంటే 34 వేల మంది తమ ఖర్చుతో ఆ శాఖవారికి ప్రకటన చిత్రాలు తీసిపెట్టినట్టే. ఉద్యోగమా, ఒక్కటే. మిగిలినవారికి దక్కింది సరదా ఒక్కటే అనుకోవాలి.

ఇది న్యాయమేనా అని నాకు కొంచెం ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఉద్యోగం నిజంగా ఉంది, జీతం నిజంగా ఇచ్చేరు. ఆ నిజమే ఈ వ్యవహారానికి ప్రాణం. అది కూడా ఒక్క క్షణం ఊగిసలాడింది సుమా! దరఖాస్తుల మొదటి రోజుల్లో, ఉద్యోగం మీద మోజుతో చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకున్న ఒక అమ్మాయి వీడియో బయటికి వచ్చింది. ఆమె అసలు అభ్యర్థి కాదనీ, ఇతరులను ఉత్సాహపరచడానికి అది తామే తీయించినదనీ కొద్దిరోజులకే ఒప్పుకోవలసి వచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోసేయి. వేలమంది నిజంగా కష్టపడి పంపుతూంటే వారి మధ్య ఒక దొంగ దరఖాస్తు చేర్చడం ఎందుకు చెప్పండి! ఆ తరువాత వచ్చిపడిన నిజమైన వీడియోల వరదలో ఆ మచ్చ కొట్టుకుపోయింది. వాళ్ళ అదృష్టం.

తక్కిన కథ మన సీరియల్ నవలలాగే నడిచింది. ఒక్కసారిగా తేల్చెయ్యలేదు. ముందు 50 మందిని ఏరేరు. అందులోంచి 15 మంది. జనం ఓట్లతో మరొకరు. మొత్తం 16 మంది. వారిలో మన భారతీయుడు కూడా ఒకడు. ప్రతి మెట్టు దగ్గరా ఆయా దేశాల పత్రికలు “మావాడు నెగ్గుతాడా?” అని రాస్తూనే ఉన్నాయి. దానికి శాఖవారు పైసా ఇచ్చుకోలేదు. మే నెల మొదట్లో ఆ 16 మందినీ హామిల్టన్ దీవికి రప్పించి, ఈత కొట్టించి, మాట్లాడించి, పరీక్షించేరు. 6వ తేదీన ఫలితం చెప్పేరు. గెలిచినవాడు ఇంగ్లండులోని హాంప్‌షైర్‌కు చెందిన బెన్ సౌతాల్. వయస్సు 34. ధర్మసంస్థలకు నిధులు కూడబెట్టే పని చేసేవాడు. తన నిమిషం వీడియోలో నిప్పుకోడి మీద స్వారీ చేసేడు, జిరాఫీని ముద్దు పెట్టుకున్నాడు.

జూలై 1న కొలువులో చేరేడు. చేరేక తెలిసింది కొలువంటే ఏమిటో! చేపలకు మేత వేసి వాలుకుర్చీలో పడుకునే పని కాదు. ఆరు నెలల్లో తొంభైకి పైగా చోట్లు తిరిగేడు. సుమారు 250 ఇంటర్వ్యూలు ఇచ్చేడు. 75 వేలకు పైగా మాటలు రాసేడు. రెండు వేలకు పైగా ఫోటోలు పంపేడు. వారానికి ఏడు రోజులూ పనేనని, తీరిక అన్నది దొరకలేదని అతనే చెప్పుకున్నాడు. ఏ గుమాస్తా చెయ్యని చాకిరీ ఇది! పైగా ఉద్యోగం మరి కొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, డిసెంబరు ఆఖరున, నీళ్ళల్లోకి దిగినప్పుడు ఇరుకాంజీ అనే జెల్లీచేప కుట్టింది. వేలిగోరంత ఉంటుంది. నీళ్ళల్లో కంటికి కనబడదు. దాని విషం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం, తలనొప్పి, వెన్నునొప్పి, గుండె బిగపట్టడం. వైద్యుడి మందులతో మర్నాటికి తేరుకున్నాడు.

ఇక్కడ నాకు నచ్చినదేమిటంటే, ఆ సంగతి అతను దాచలేదు. రోజూ రాసే చోటనే అదీ రాసేడు. ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకోకుండా దిగడం తన పొరపాటేనన్నాడు. దీవుల అందాలు చెప్పడానికి జీతం పుచ్చుకునేవాడు అక్కడి ఆపద గురించి కూడా చెబుతున్నాడంటే, అంతకుముందు రాసిన అందాలను కూడా జనం నమ్ముతారు కదా. పచ్చబొట్టు వీడియో చేసిన చెరుపుకు ఈ జెల్లీచేప కొంత విరుగుడు చేసిందేమో!

ఆ ఏడాది జూన్‌లో ఫ్రాన్సు దేశపు కేన్స్ పట్టణంలో జరిగిన ప్రకటనల ఉత్సవంలో ఈ ప్రచారానికి మూడు విభాగాల్లో అత్యున్నత బహుమతులు వచ్చేయి. అప్పటినుంచి చిన్నా పెద్దా సంస్థలన్నీ అదే దారి పట్టేయి. ఒక పోటీ పెట్టు, వీడియో తియ్యమను, పదిమందికి పంపమను. మీ ఇంట్లో పిల్లలు “ఈ వీడియోకి లైక్ కొట్టవా, అత్తయ్యా!” అని వెంటపడుతున్నారంటే దాని చుట్టరికం ఎక్కడికో ఒకచోట ఆ దీవికి చేరుతుంది.

2013లో ఆస్ట్రేలియా వారు ఒకటికి ఆరు ఉద్యోగాలు చూపి మళ్ళీ పోటీ పెట్టేరు. మూడు లక్షలమందికి పైగా ఎగబడ్డారు. ఆ ఆరింటిలో ఒకటి, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఊరూరా తిరిగి వంటలు రుచి చూసి బాగోగులు చెప్పే ఉద్యోగం. ఈ మాట మా ఇంట్లో చదివి వినిపించేను. “మీరిక్కడ ముప్పై ఏళ్ళనుంచి చేస్తున్నది అదేగా, జీతం లేకుండా!” అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.