సముద్రం వేసే ‘విజిల్’.. కాకినాడలో ఎందుకు వినిపించదు? విశాఖ తీరంలో ఆ రాతి తోరణం కథేంటి?

బండరాయిలో చిన్న కన్నం. కింద అల కొట్టగానే అందులోంచి నీళ్లు ఫౌంటెన్‌లా పైకి ఎగజిమ్ముతాయి. ఇలాంటి వీడియో మీ ఫోన్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. వీటినే బ్లోహోల్స్ అంటారు. సిడ్నీకి దక్షిణంగా ఉన్న కియామా బ్లోహోల్ చాలా ఫేమస్. గాలి, అల కలిసొస్తే అక్కడ నీళ్లు 25 మీటర్ల దాకా లేస్తాయి.

ఇదెలా జరుగుతుందంటే.. ప్రెషర్ కుక్కర్ గుర్తు తెచ్చుకోండి. ఒడ్డున ఉన్న రాతిలో పగుళ్లుంటాయి. అలలు ఏళ్ల తరబడి అక్కడే కొట్టీ కొట్టీ గుహను తొలిచేస్తాయి. అల లోపలికి దూసుకొచ్చినప్పుడు గుహలోని గాలికి పోయే దారి ఉండదు. అది నొక్కుకుపోయి, పైకప్పులో బలహీనంగా ఉన్న చోట నుంచి తన్నుకొస్తుంది. అలా కన్నం పడుతుంది. ఆ తర్వాత ప్రతి పెద్ద అలకీ విజిలే!

కానీ ఆ కన్నం అక్కడితో ఆగదు. పెద్దదవుతూ పోయి ఓ రోజు కప్పు మొత్తం కూలిపోతుంది. కొన్ని చోట్ల గుహ అటూ ఇటూ తెరుచుకుని తోరణంగా మిగులుతుంది. అదీ శాశ్వతం కాదు. మాల్టాలోని అజూర్ విండో మీదకి ఎక్కితే జరిమానా వేస్తామని అక్కడి ప్రభుత్వం 2016 చివర్లో ప్రకటించింది. 2017 మార్చి 8న తుపాను గాలులకి తోరణం మొత్తం సముద్రంలో కలిసిపోయింది. గాలాపగోస్‌లోని డార్విన్స్ ఆర్చ్ 2021 మే 17న కూలింది. ఇప్పుడక్కడ రెండు స్తంభాలే ఉన్నాయి.

మరి మన కాకినాడలో? ఇక్కడ గుహ పుట్టాలంటే ముందు రాయి ఉండాలి కదా! మనది గోదావరి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు నేల. హోప్ ఐలాండ్ కూడా అలా ఏర్పడిన ఇసుక దిబ్బే. అందుకే ఇక్కడ సముద్రం తొలవదు, నేరుగా కోసేస్తుంది. ఉప్పాడ వాళ్లని అడగండి.. ఇళ్లు, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు పోయాయో చెబుతారు. తుపాను వెళ్లాక ఇసుకలో బంగారం రవ్వల కోసం జనం వెతుకుతున్న వీడియోలూ ఈ ఊరివే.

రాయి కావాలంటే విశాఖ వెళ్లాల్సిందే. తూర్పు కనుమలు అక్కడ సముద్రం దాకా వచ్చేస్తాయి. భీమిలి రోడ్డులో, తొట్లకొండకు ఎదురుగా మంగమారిపేట బీచ్‌లో సహజ రాతి తోరణం ఉంది. బ్లోహోల్ కాదు గానీ, అలలు తొలిచిన పని అదే. ఇప్పటికీ తొలుస్తూనే ఉన్నాయి. ఆ విషయం మర్చిపోయి చాలామంది సెల్ఫీ కోసం దాని పైకి ఎక్కేస్తుంటారు. ఏ పగులు ఎప్పుడు విడిపోతుందో కింద నుంచి చూస్తే తెలియదు. ఫొటో కాస్త దూరం నుంచే బాగా వస్తుంది, తోరణం మొత్తం ఫ్రేమ్‌లో పడుతుంది. పోటు సమయంలో నీళ్లు రాళ్ల దాకా వచ్చేస్తాయి కాబట్టి ఆటు టైమ్ చూసుకుని వెళ్లండి.