గండి: ఒక మాట, రెండు సీమలు

యానాములో పెరిగిన పిల్లవానికి గండి యన్న మాట భయమునే కలిగించును. కాలువగట్టుకు గండి పడినచో చేలు మునుగును. ఇండ్లలో నీరు చేరును. కడప జిల్లాలో ఈ మాటకే మరియొక అర్థము కలదు. కొండలను చీల్చుకొని నది పారు ఇరుకుత్రోవను అచ్చట గండి యందురు. అట్టి గండి యొడ్డున వెలసినది గనుకనే గండికోటకు ఆ పేరు వచ్చినది. మన బాలబాలికలు ఎరుగదగిన ఆ ప్రదేశమును గూర్చి కొంత వివరింపదలచితిమి.

పెన్నానది కర్ణాటకములోని నందికొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియును. జమ్మలమడుగు సమీపమున అది ఎఱ్ఱమల కొండలను సుమారు 300 అడుగుల లోతున కోసికొని పోయినది. ఈ శిలలు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినవి. ఇంత గట్టిరాతిని కోసినది నీరొక్కటియే కాదు. వరదలు మోసికొనివచ్చు ఇసుకయు గులకరాళ్లును ఆకురాయివలె రాపాడి, రాతిపగుళ్ల వెంట యుగయుగములుగా అరగదీసినవి. అమెరికాలో కొలరాడో నది లోయ యేర్పడుటలోను ఈ రాపిడియే ముఖ్యముగా పనిచేసినది.

ఇంతటి పని చేసిన నదిలో ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే కనబడును. పడమటి కనుమలు నైరుతి వానలను చాలవరకు అడ్డగించుటచే రాయలసీమలో వర్షము తక్కువ. అనంతపురము ప్రాంతమున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఉన్న నీరైనను లోయ యడుగున నుండును గాని మీదివారికి అందదు. కనుకనే కోటలో వాననీటిని నిలుపుకొను చెరువును, కోనేరును నిర్మించుకొనిరి. నేడు శ్రీశైలము నుండి కృష్ణాజలములు గండికోట జలాశయమునకు చేరుచున్నవి.

నీటిని నిలుపుట అచ్చటివారికి ఒక శాస్త్రము. అదే జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించెను. 1369 నాటి దాని శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొనుచున్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతియు అందున్నది. ఆ దోషములలో చవుడునేల యొకటి.

ఇది మనకును వర్తించు మాట. మన గౌతమి వేసవిలో సముద్రపు పోటుకు ఉప్పగిల్లును. కన్నులయెదుట నిండునది యుండియు, త్రాగుటకు ఎగువనుండి వచ్చు తీపినీటినే నమ్ముకొనియున్నాము. వారికి నీరు లోతున దాగినది. మనకు ఉప్పున దాగినది. తల్లిదండ్రులారా! ఈ బిందెడు నీరు ఎక్కడినుండి వచ్చినదని నేటి సాయంకాలము మీ బిడ్డల నడుగుడు. వారు చెప్పలేకున్న, మీరు చెప్పుడు. పాఠశాలలో మేము మొదలిడిన పాఠము మీ వంటయింట పూర్తి కావలెను.