ఉమ్మడి విత్తనము

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున వానపై ఆధారపడిన మెట్టభూములు మెండు. ఇచ్చటి పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983వ సంవత్సరమునుండి పనిచేయుచున్నది. దాని అండతో చుట్టుపట్ల పల్లెలలోని పేద స్త్రీలు సంఘములుగా ఏర్పడి జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగు విత్తనములను బుట్టలలో భద్రపఱచిరి. కావలసినవారు విత్తనము అప్పుగా కొనిపోవచ్చును. పంట చేతికి వచ్చిన పిమ్మట మానికకు రెండు మానికలు తిరిగి కొలువవలెను. ఈ సంఘములకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించినది.

ఈ పద్ధతిలో ధనముతో పనిలేదు. తిరిగి కొలుచుట మాత్రము తప్పదు. అందఱును తీసికొని ఒక్కరును పోయకున్నచో బుట్ట అడుగంటును గదా!

కంప్యూటరు లోకమునందును ఇట్టి ఉమ్మడి సొత్తు కలదు. దాని పేరు లైనక్స్ కెర్నెల్. కెర్నెల్ అను మాటకు గింజలోని పప్పు అని అర్థము. యంత్రమునకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి సమస్త కార్యములను నడుపు మూలభాగమే ఇది. ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ప్రారంభించెను. దీనిని ఎవరైనను ఉచితముగా వాడవచ్చును, పరిశీలింపవచ్చును, మార్పవచ్చును. మార్చినదానిని ఇతరులకు ఇచ్చువారు ఆ మార్పులను గూడ అదే స్వేచ్ఛతో ఇయ్యవలెను. నేటి ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నది ఈ కెర్నెలే.

ఒక కంప్యూటరు మఱియొకదానితో సంభాషించుటకు వలయు ఏర్పాట్లును ఇందే కలవు. ఇంటర్నెట్టున మన సందేశములు పరుల యంత్రముల మీదుగా పోవును. త్రోవలో ఎవరును చదువకుండ వానిని రహస్యలిపిలో మూసి పంపు పద్ధతులలో ఒకటి వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రచించిన ఈ పద్ధతి 2020 మార్చిలో వెలువడిన 5.6వ కెర్నెల్‌లో చేరెను. అప్పుడు దాని మూలరచన ఇంచుమించు 4,000 పంక్తులు మాత్రమే. చిన్నది గనుక అందు తప్పులు వెదకుట సులభము.

మఱి ఇట్టి పనికి పోషకులెవరు? పెద్ద కంపెనీలు తమకు అవసరమైన భాగములకు తామే ఇంజనీర్లను నియమించి జీతములిచ్చును. అందఱికి ఉపయోగపడుచు ఏ ఒక్కరికిని ప్రత్యేకలాభము చేకూర్పని పనికి పలువురు కలసి చేయూత నీయవలెను. వైర్‌గార్డుకు వాడుకదారుల విరాళములును, నెదర్లాండ్సు దేశమునందలి ఎన్‌ఎల్‌నెట్ ఫౌండేషన్ వంటి సంస్థల సాయమును తోడ్పడెను.

తిరిగి కొలువనిచో ఏమగునో 2014లో లోకము చూచెను. ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అను మఱియొక ఉచిత ప్రోగ్రాము వెబ్‌సైట్లతో మనము జరుపు వ్యవహారములను కాపాడుచుండెను. అసంఖ్యాకులు దానిపై ఆధారపడిరి. అయినను ఏటా దానికి అందు విరాళములు సుమారు 2,000 డాలర్లు! హార్ట్‌బ్లీడ్ అను ఘోరమైన లోపము అందు రెండేండ్లు ఎవరి కంటను పడకుండ దాగియుండెను. అది బయటపడిన పిమ్మటనే పెద్ద కంపెనీలు కూడి అట్టి పనులకొక నిధి నేర్పఱచినవి.

ఉచితముగా దొరకినది శ్రమలేక పుట్టినది కాదు. దాని వెనుక ఎవరో ఒకరి నిద్రలేని రాత్రులున్నవి. ఆ ఋణము తీర్చుటకు ధనమొక్కటే మార్గము కాదు. లోపము కనబడినచో దానిని వివరముగా తెలుపవచ్చును. వాడుకవిధానమును తెలుగున వ్రాసి తోడివారికి అందింపవచ్చును. నేర్చినవారు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయవచ్చును. జహీరాబాదు స్త్రీలవలె తీసికొన్న మానికకు బదులు కొలుచువారున్నంత కాలము ఉమ్మడి బుట్ట నిండియే యుండును.