ముందు తిండి, కారణాలు తర్వాత

అనొరెక్సియా నెర్వోసా అంటే డైటింగ్ పిచ్చి అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. కానీ మానసిక జబ్బుల్లో ప్రాణం మీదకి ఎక్కువగా తెచ్చేవాటిలో ఇదొకటి. ఎక్కువగా టీనేజ్‌లో మొదలవుతుంది. ఒళ్లు చిక్కిపోతున్నా లావెక్కుతానేమో అనే భయం వదలదు. అబ్బాయిలకీ వస్తుంది.

ఈ పేరు పెట్టింది లండన్ డాక్టర్ విలియం గల్, 1870ల్లో. అప్పట్నుంచి చాలాకాలం డాక్టర్లు ఇంటివాళ్లని దూరంగా ఉంచమనేవాళ్లు. వందేళ్ల తర్వాత అదే లండన్‌లో మాడ్‌స్లీ ఆస్పత్రి వాళ్లు దీన్ని తిరగేశారు. అమ్మానాన్నల్నే ట్రీట్‌మెంట్‌లోకి దింపారు. 80 మంది పేషెంట్లతో 1987లో వచ్చిన వాళ్ల స్టడీలో, 18 ఏళ్లలోపు జబ్బు మొదలై మూడేళ్లు దాటనివాళ్లకి ఫ్యామిలీ థెరపీ బాగా పనిచేసింది. అందుకే ఆలస్యం చేయకూడదంటారు.

దీన్నే ఇప్పుడు ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ అంటున్నారు. మొదట్లో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. "తిను నాన్నా" అని వెంటపడటం మన ఇళ్లలో కొత్తేం కాదు గానీ, ఇక్కడ బతిమాలడం, తిట్టడం రెండూ ఉండవు. ప్లేట్ ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోవడమే. కోపం జబ్బు మీద, పిల్ల మీద కాదు. బరువు పెరిగాక ఆ నిర్ణయాలు మెల్లగా పిల్లకే తిరిగి అప్పజెప్తారు. జబ్బు ఎందుకొచ్చిందని మొదట తవ్వరు. సర్వర్ డౌన్ అయితే ముందు లేపుతాం, లాగ్స్ తర్వాత చూస్తాం కదా, అలాగ.

దీని వెనక లాజిక్ ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకీ డిప్రెషన్ వచ్చింది, ఎవరితోనూ కలవలేదు, రోజంతా తిండి గురించే ఆలోచన. అంటే ఈ లక్షణాల్లో కొన్ని ఆకలి వల్ల వచ్చేవే. ఆకలితో ఉన్న మెదడుకి కౌన్సెలింగ్ ఎక్కదు.

అయితే బాగా చిక్కిపోయినవాళ్లకి ఇంట్లో గబగబా తినిపించడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె మీదకి రావచ్చు. అది ఆస్పత్రిలోనే జరగాలి.

2010లో 121 మంది టీనేజర్లతో చేసిన అమెరికన్ స్టడీలో, ట్రీట్‌మెంట్ అయిన ఏడాదికి ఈ పద్ధతిలో 49 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. విడిగా థెరపీ తీసుకున్నవాళ్లలో 23 శాతమే. సగం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ బాస్టన్‌లో కొంతమంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే తొమ్మిదేళ్లకి 31 శాతం, 22 ఏళ్లకి దాదాపు 63 శాతం మంది కోలుకున్నారు. తొమ్మిదేళ్లకి బయటపడనివాళ్లలో సుమారు సగం మంది ఆ తర్వాత బయటపడ్డారు.