ఢిల్లీ లేఖ: కంచంలో గోధుమ, కాలేయానికి చిక్కు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. అక్కడి ఐఐటి సమీపాన గల ప్రేమ్ బజార్ వంటి చోట పూరీకి, సింఘాడాకు, రొట్టెకు కొదవ ఉండదు. అన్నమే ఆధారమైన ఇంటికి ప్రవాసంలో గోధుమ ఈ విధంగానే చేరువవుతుంది. అందులో తప్పేమీ లేదు. కాని కొందరికి ఆ గోధుమే సరిపడదు. ఆ సంగతి ఒక్కొక్కప్పుడు కడుపులో గాక కాలేయంలో బయటపడుతుంది.

ఈ వ్యాధి పేరు సీలియాక్. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు సరిపడక, రోగనిరోధక శక్తి సొంత చిన్నప్రేగునే దెబ్బతీస్తుంది. ఇది ఉత్తరాదివారి జబ్బు అని మనవారి నమ్మకం. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం 2016లో వెలువడింది. దాని ప్రకారం ఈ వ్యాధి ఉత్తరాదిన సుమారు వందమందిలో ఒకరికి, దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికి ఉన్నది. అయితే వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు అన్ని ప్రాంతాలలోను దాదాపు మూడవ వంతు మందిలో కనిపించాయి. కొట్టవచ్చినట్లున్న తేడా గోధుమ వాడకంలోనే! జన్యువులున్న వారందరికీ జబ్బు రాదు. అయినా మనకున్న రక్షణ రక్తంలో కంటె కంచంలోనే ఉన్నదేమోనని ఆలోచించక తప్పదు.

చికిత్స పొందని పెద్దలలో సుమారు 40 శాతం మందికి కాలేయపు ఎంజైములు పెరిగి ఉంటాయి. దెబ్బతిన్న ప్రేగుగోడ గుండా చొరబడిన పదార్థాలు కాలేయానికి చేరడం ఒక కారణమని వైద్యుల భావన. తరచు నొప్పి ఉండదు, కళ్ళు పచ్చబడవు. నెపం తాగుడు మీదికో, కొవ్వు మీదికో పోతుంది. గ్లూటెన్ పూర్తిగా మానినవారిలో అత్యధికులకు ఏడాదిలోగా కాలేయం కుదుటపడుతుంది. కాలేయం తీవ్రంగా చెడిన నలుగురు రోగులు సైతం పథ్యంతో కోలుకున్నట్లు ఫిన్లాండ్ వైద్యులు 2002లో ప్రకటించారు. అయితే సీలియాక్‌తో జతగా వచ్చే కొన్ని కాలేయ వ్యాధులకు పథ్యమొక్కటే చాలదు. వాటికి వేరే చికిత్స కావాలి.

కనుక కారణం తెలియకుండా ఎంజైములు పెరిగితే సీలియాక్ రక్తపరీక్ష సంగతి వైద్యుని అడగడం మేలు. పరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానితే జబ్బు దొరకదు. నిర్ధారణ అయిన పిమ్మట పథ్యం జీవితాంతం. ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె ఉండగా మనకది శిక్ష కాదు. అయితే ఉప్మారవ్వ, సేమ్యాలే గాక, చారులో వేసే కూట ఇంగువలో సైతం తరచు గోధుమపిండి కలుస్తుంది. గ్లూటెన్ రహితమని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని ప్రభుత్వ నిబంధన. కాని బజారులో విడిగా తూచి ఇచ్చే పిండికి ముద్ర ఎక్కడిది? అక్కడ ఇల్లాలి జాగ్రత్తే నిబంధన.