క్లీనరు డ్రైవరగుటకు ముందు

పొద్దు పొడువక మునుపే జాతీయ రహదారి ప్రక్కన నిలిపిన లారీ చుట్టు ఒక కుఱ్ఱవాడు తిరుగుచుండును. చేతిలో ఇనుప కడ్డీ. ఒక్కొక్క టైరును తట్టి చెవియొగ్గి వినును. నిండుగా గాలియున్న టైరు కంగుమని కడ్డీని వెనుకకు తన్నును. గాలి తగ్గినది దబ్బుమని మెత్తగా పలుకును. జోడు టైర్ల నడుమ ఇఱుకుకొన్న రాతిని పెఱికివేయును, కట్టుత్రాళ్లను లాగి చూచును, ముందరి అద్దమును తుడుచును. ఇతడు క్లీనరు. ఇతని కోరిక యొక్కటే: ఏనాటికైనను స్టీరింగు ముందు కూర్చుండుట.

మన దేశమున లారీ డ్రైవర్లలో అనేకులు ఈ మార్గముననే వచ్చినవారు. బడి లేదు, పుస్తకము లేదు, డ్రైవరే గురువు. కోస్తా జిల్లాలలో అతనిని గురువుగారని పిలుతురు, తెలంగాణములో ఉస్తాదందురు. ఈ శిష్యరికమును తక్కువ చేయరాదు. ఇంజను చప్పుడులోని తేడాను చెవితో పట్టుట, లోడు ఒక ప్రక్కకు ఒరగినదా యని ఒక్క చూపులో గ్రహించుట, ఇరుకు సందులో బండిని వెనుకకు తీయునప్పుడు కేకవేసి దారి చెప్పుట నెల దినముల తరగతిలో వచ్చు విద్యలు కావు. అయితే గురువు విద్యతోపాటు గురువు అలవాట్లును శిష్యునికి సంక్రమించును. నిద్ర యాపుకొనుటకు ఖైనీ, మాటిమాటికి బండి ఆపవలసివచ్చునని నీరు త్రాగకుండుట, డీజిలు ఆదాయగునని దిగుడులో గేరు తీసివేయుట ఇట్టివే. ఇంకొక దోషము వీటన్నిటికంటె పెద్దది. గురువునకు కన్ను మూతపడుచున్నప్పుడు, రోడ్డు ఖాళీగానున్న రాత్రివేళ, లైసెన్సు లేని శిష్యుని చేతికి స్టీరింగు వచ్చును. అనేకుల మొదటి పాఠము ఇదియే. అన్నిటికంటె ప్రమాదకరమైన గడియలో, అందరికంటె తక్కువ నేర్చినవాడు, అన్నిటికంటె బరువైన బండిని నడుపుచున్నాడన్నమాట.

చట్టము చూపిన దారి వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపువానికి 20 ఏండ్లు నిండియుండవలెను. తేలికపాటి వాహనపు లైసెన్సు చేతికి వచ్చి ఒక యేడాదియైన గడువనిదే రవాణా వాహనమునకు లెర్నరు లైసెన్సు ఈయరు. డ్రైవింగు పాఠశాలలో బరువు వాహనముల శిక్షణ 30 దినములకు తక్కువ కారాదనియు, అందులో బండి నడుపు కాలమే 15 గంటలుండవలెననియు 1989 నాటి కేంద్ర నియమములు విధించినవి. 2021 జూలై 1 నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రముల పద్ధతియు అమలులోనికి వచ్చినది. అచ్చట బరువు వాహనముల పాఠ్యక్రమము ఆరు వారములలో 38 గంటలు. రోడ్డెక్కక మునుపే రోడ్డును కండ్ల ముందుంచు సిమ్యులేటరు యంత్రము, ప్రత్యేకమైన పరీక్షా ట్రాక్కు ఉండవలెను. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నిబంధనను 2019లో తొలగించినారు. దానివలన బీదవారికి దారి తెరచుకొన్నమాట నిజమే. కాని అక్షరము రానివానికి మందుసీసాపై హెచ్చరికను ఎవరు చదివి చెప్పుదురను ప్రశ్న శిక్షకుని భుజముపై పడినది.

లైసెన్సు దరఖాస్తుతో జతపరుపవలసిన కాగితములలో వైద్యుని ధ్రువపత్రమొకటి కలదు. 1-ఏ ఫారమని దాని పేరు. ఎందరో దీనిని వట్టి ముద్ర వేయించుకొను కాగితముగా తలంతురు. మనిషిని చూడకయే సంతకము చేయు వైద్యుడు దొరకినచో అదృష్టమని మురియుదురు. ఆ ఫారములోని ప్రశ్నలను ఒకసారి చూడవలెను. మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరమునుండి మోటారుకారు నంబరు పలకను పోల్చగలడా? రంగులను పోల్చలేని తీవ్రమైన లోపమున్నదా? సామాన్యమైన హారను శబ్దము వినలేనంత చెవుడున్నదా? రేచీకటి యున్నదా? ఈ ప్రశ్నలలో ఏదియు అనావశ్యకము కాదు.

రేచీకటి సంగతియే చూడుడు. పగలు ఏ లోపమును తెలియదు. సంధ్య దాటిన పిమ్మట ఎదుటి బండి దీపము కంటబడి పోయిన తరువాత చాలసేపు ఏమియు కానరాదు. దీపము లేని ఎడ్లబండియో, రోడ్డు ప్రక్క ఆగిన ట్రాక్టరో ఆ చీకటిలో కలిసిపోవును. ఆ యువకుడు ఇది అందరికి నుండు బాధయే యనుకొనును. విటమిన్ ఏ లోపమువలన వచ్చిన రేచీకటి చికిత్సతో నయమగును. వంశపారంపర్యముగా కంటిపొర క్షీణించుటవలన వచ్చినది అట్లు నయము కాదు. అట్టివాడు రాత్రి లారీ నడుపరాదని ఇరువదవ యేట తెలిసికొనుట కఠినమైన మాటయే. అయినను ముప్పదవ యేట రోడ్డుపై తెలిసికొనుట అంతకంటె కఠినము. రంగుల విషయమున నియమము కొంత సడలినది. 2020 జూన్ నుండి స్వల్పముగను, మధ్యరకముగను రంగులు పోల్చలేనివారు లైసెన్సునకు అర్హులైనారు; తీవ్రమైన లోపమున్నవారు మాత్రము కారు. చూపు మందగించిన వానికి అద్దములు చాలును. చిత్రమేమనగా, యజమాని పనిలోనుండి తీసివేయునేమో యని అద్దములను జేబులోనే దాచుకొనువారున్నారు. అద్దములు పెట్టుకొన్న డ్రైవరును చూచి జంకు యజమాని, అవి లేక కండ్లు చిట్లించు డ్రైవరును చూచి కదా జంకవలసినది.

కన్ను బాగున్నను నిద్ర దానిని మూయగలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. మూడు సెకన్లు రెప్ప వ్రాలినచో 50 మీటర్ల రోడ్డు చూచువాడు లేకయే గడచిపోవును. అర్ధరాత్రి దాటిన రెండు గంటలు మొదలు తెల్లవారుజాము వఱకు శరీరము తనంతట తానే నిద్రకు ఒరగును. ఇది మనస్సు గట్టిదనముతో జయింపదగినది కాదు. కిటికీ తెరచుట, రేడియో పెంచుట, మొగమున నీరు చల్లుకొనుట నిమిషముల యుపాయములే. టీ త్రాగినను దాని ప్రభావమునకు ఇంచుమించు అరగంట పట్టును. కావున టీ త్రాగి, బండిని రోడ్డు మీదనుండి పూర్తిగా ప్రక్కకు తీసి, ఇరువది నిమిషములు కన్ను మూయుట తెలివైన పని. జలుబునకును దురదకును వాడు కొన్ని మాత్రలు మత్తు కలిగించును. వైద్యునితో తాను డ్రైవరునని చెప్పినగాని మందు తీసికొనరాదు. పెద్దగా గుఱకపెట్టుచు, ఎంత నిద్రించినను పగలు తూగువాడు నిద్రలో శ్వాస యాగు వ్యాధి యున్నదేమో పరీక్ష చేయించుకొనవలెను.

పని గంటల సంగతి నేటిది కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8, వారమునకు 48 గంటల పరిమితి పెట్టినది. అయిదు గంటలకు మించక మునుపే అరగంట విరామమీయవలెనన్నది. ఆ చట్టమును కలుపుకొనిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలోను ఎనిమిది గంటల సూత్రము నిలిచినది. ఇది కాగితమున నున్నంత స్పష్టముగ కిరాయి లెక్కలో కానరాదు. సరకు తెల్లవారుసరికి దింపినచో ఇనామిచ్చు వ్యాపారి, తనకు తెలియకయే, డ్రైవరు నిద్రను కొనుచున్నాడు.

ఘాటు రోడ్డులో నేర్వవలసిన పాఠము వేఱు. బెంగుళూరునుండి చిత్తూరు వచ్చు దారిలో మొగిలి ఘాటు వంటి దిగుడులలో నిండు లారీని బ్రేకు మీదనే నిలుపబోయినచో డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు సడలును. ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుమాట శాస్త్రసమ్మతము. బండి వేగమును ఇంజనే పట్టియుంచును. న్యూట్రలులో వదలినచో ఆ పట్టు పోవును. ఇంజనును ఆపివేసినచో గాలి బ్రేకునకు గాలి నింపు కంప్రెసరును ఆగిపోవును.

నడుమునొప్పి, మూలశంక, నీరు తక్కువైనందున మూత్రపిండములలో రాళ్లు, రక్తపోటు, మధుమేహము ఈ వృత్తిలో మెల్లగా చేరు చుట్టములు. ఏటేట ఒకసారి రక్తము, మూత్రము, రక్తపోటు చూపించుకొనుట చాలు. నెలల తరబడి ఇంటికి దూరముగ నుండువాడు తొడుగు వాడుటకు సిగ్గుపడరాదు, హెచ్.ఐ.వి. పరీక్షయు, మందులును ప్రభుత్వ కేంద్రములలో ఉచితము. 2017 నాటి చట్టము ప్రకారము అనుమతి లేక ఆ పరీక్ష చేయరాదు, వ్యాధి యున్నదని వివక్షతో పనినుండి తీసివేయరాదు. 2025 అక్టోబరు 1 నుండి తయారగు లారీల క్యాబినులకు శీతలీకరణము తప్పనిసరియైనది. పాత బండ్లలో వేసవి యెండ మాత్రము అట్లే యున్నది.

మంచి శిక్షకుడు మొదటి దినమున ఇంజను వేయనీయడు. శిష్యుని సీటులో కూర్చుండబెట్టి, వీపు ఆనునట్లు, మోకాలు కొంచెము వంగియుండునట్లు సరిచేయించును. రెండు ప్రక్కల అద్దములు త్రిప్పించును. అటుపిమ్మట మఱియొక శిష్యుని ఎడమ ముందు చక్రము దగ్గఱ వంగి నిలువుమని, లోపలివానిని "ఎవరైనా కనబడుచున్నారా?" యని యడుగును. అతడు అద్దములన్నియు వెదకి, లేరనును. దిగివచ్చి చూచును. తాను ఇన్నియేండ్లు కడ్డీ పట్టుకొని టైరు తట్టుచు వంగి నిలిచినది సరిగా ఆ చోటనే.