వత్తి ఎత్తే నీళ్లు

అడుగున నీళ్ల గిన్నె, పైన మట్టి నింపిన కుండీ, రెంటినీ కలిపే ఒక వత్తి. తనకు తానే నీళ్లు పోసుకునే బల్లమీది కుండీలో ఇంతకు మించి యంత్రం లేదు. ప్రమిదలో నూనె వత్తి కొసకు ఎక్కినట్టే గిన్నెలో నీరు మట్టిలోకి ఎక్కుతుంది. నీటి అణువులు పీచును అంటుకుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని పైకి పాకుతాయి. దీన్నే కేశనాళికత అంటారు. 1718లో జేమ్స్ జూరిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీని లెక్క తేల్చాడు: గొట్టం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు పోతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న గాజు గొట్టంలో ఒకటిన్నర సెంటీమీటర్లు. అందులో పదోవంతు సన్నని గొట్టంలో 15. బల్లమీది కుండీకి ఆ ఎత్తు చాలు.

నీరు ఎక్కడం కన్నా ఎక్కడ ఆగాలో తెలియడమే గొప్ప. వేసవిలో శివలింగం పైన వేలాడే ధారాపాత్ర కింద తడి ఉందో లేదో చూడదు. బొట్లు కారుస్తూనే ఉంటుంది. వత్తి సంగతి వేరు. మట్టి తడిగా ఉన్నంతసేపు దానికి నీటిని లాగే బలం తక్కువ, కాబట్టి ప్రవాహం దాదాపు నిలిచిపోతుంది. ఆకులు ఆవిరి వదిలి, వేళ్లు తాగి, మట్టి ఆరితే మళ్లీ కదులుతుంది. మీట లేదు, కరెంటు లేదు; ఎంత కావాలో అడిగేది మొక్కే.

మెరుగు పూయని మట్టికుండ ఈ కుండీకి పూర్వీకురాలు. కుండను మెడవరకు పాతి నీళ్లు నింపితే గోడలోని రంధ్రాల గుండా చెమ్మ వేళ్లకు చేరుతుంది. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. 1970లలో కర్నాల్‌లోని కేంద్ర చౌడునేలల పరిశోధన సంస్థ ఉప్పునీటితోనూ దీన్ని పరీక్షించింది.

ఉప్పు మాట వస్తే నెల్లూరు తీరం గుర్తుకు రావాలి. అక్కడి ఇస్కపల్లి ఉప్పు మడుల్లో ఎండ చేసే పనే కుండీలోనూ చిన్నగా జరుగుతుంది: నీరు పైకెక్కి ఆవిరవుతుంది, లవణం మట్టిపై తెల్లటి పొరగా మిగులుతుంది. బోరు నీళ్లు పోసేచోట ఇది మరీ త్వరగా కనిపిస్తుంది.

తయారీలో మిగతావి చిన్న విషయాలు. నూలు వత్తి కుళ్లుతుంది, నైలాన్ తాడు మన్నుతుంది. బంకమట్టి గాలి ఆడనివ్వదు, కొబ్బరిపొట్టు కలిపిన మట్టి మేలు. గిన్నె మూసి ఉంచకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నెలకోసారి పైనుంచి ధారాళంగా నీళ్లు పోసి, గిన్నెలోకి దిగినది పారబోస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు పోతుంది. మనీప్లాంటుకు ఈ కుండీ బాగా నప్పుతుంది. కలబందకు మాత్రం పనికిరాదు. ఎప్పుడూ తడిగా ఉంటే దాని వేళ్లు కుళ్లిపోతాయి.